గాలివానలను, టోర్నడోలను మీ ప్రాంతానికి చేరకముందే ట్రాక్ చేయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"రాడార్ యాప్ పెట్టుకున్నాను, ఎర్రగా కనిపిస్తోంది. ఇప్పుడేం చేయాలి?" ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. రంగులు చూస్తూ కూర్చుంటే ట్రాక్ చేసినట్టు కాదు. ఆ మబ్బు ఇప్పుడు నిజంగా ఎక్కడుంది? ఎటు కదులుతోంది? మన దగ్గరికి ఎన్ని గంటలకు వస్తుంది? ఏ నిమిషానికి ఫోన్ పక్కనపెట్టి లోపలికి వెళ్లాలి? ఈ నాలుగింటికీ జవాబు మీ దగ్గరుంటేనే ట్రాక్ చేస్తున్నట్టు. కింద చెప్పిన పనులన్నీ ఆ నాలుగు జవాబుల కోసమే.

ఇది ఉన్నచోటే ఉండి ట్రాక్ చేసేవాళ్ల కోసం రాసింది. కారేసుకుని మబ్బు వెంటపడటం వేరే పని, అది ఇక్కడ లేదు. 2013 మే 31న అమెరికాలో, ఓక్లహోమాలోని ఎల్ రెనో దగ్గర ఒక టోర్నడో (మబ్బు నుంచి నేలదాకా దిగి గిరగిరా తిరిగే సుడిగాలి) ఉన్నట్టుండి దిశ, వేగం మార్చుకుని 4 కిలోమీటర్లకు పైగా వెడల్పుకు పెరిగిపోయింది. దాన్ని అధ్యయనం చేయడానికి కారులో వెళ్లిన, ఏళ్ల తరబడి అనుభవమున్న ముగ్గురు పరిశోధకులు చనిపోయారు.

## 1. ముందు మ్యాప్ సిద్ధం చేసుకోండి

మబ్బు పట్టాక మ్యాప్ వెతుక్కుంటే ఆలస్యమైనట్టే. ఈ పని ఆకాశం నిర్మలంగా ఉన్న రోజునే చేసిపెట్టుకోవాలి. ఒక్కసారి చేస్తే చాలు.

మ్యాప్‌లో మీరుండే చోటును గుర్తుపెట్టండి. దాని చుట్టూ 20, 50, 100 కిలోమీటర్ల దూరంలో మూడు వలయాలు గీయండి. యాప్‌లో ఆ వీలు లేకపోతే కాగితం మీద గీసినా సరే. తర్వాత ఆ వలయాల మీద, నాలుగు దిక్కులా, మీకు పేరు తెలిసిన ఊళ్లను రాసుకోండి. హెచ్చరికల్లో ఊళ్ల పేర్లు, జిల్లాల పేర్లే వస్తాయి. "ఫలానా ఊరి దగ్గర వడగళ్లు" అనగానే అది మీకు ఏ వైపున, ఎంత దూరంలో ఉందో తడుముకోకుండా తెలియాలి.

ఇక మీ దగ్గరి రాడార్ ఎక్కడుందో కనుక్కోండి. చాలామంది వదిలేసే విషయం ఇదే, కానీ మీరు తెరమీద చూసే బొమ్మను ఎంతవరకు నమ్మొచ్చో తేల్చేది ఇదే. రాడార్ కిరణం నేలను ఆనుకుని పోదు. సాధారణంగా అన్నిటికన్నా కింది కోణం అర డిగ్రీ. పైగా భూమి వంపు తోడవుతుంది. అందుకే దూరం పెరిగేకొద్దీ కిరణం ఎత్తుకు పోతుంది:

- 50 కిలోమీటర్ల దూరంలో కిరణం ఎత్తు సుమారు 600 మీటర్లు
- 100 కిలోమీటర్లలో సుమారు కిలోమీటరున్నర
- 200 కిలోమీటర్లలో 4 కిలోమీటర్ల పైమాటే

అంటే మీరు రాడార్‌కు 200 కిలోమీటర్ల దూరంలో ఉంటే, దానికి కనిపించేది మబ్బు నడుము మాత్రమే. నేల దగ్గర గాలి ఎలా తిరుగుతోందో దానికి తెలియదు. మరీ దగ్గరగా ఉన్నా చిక్కే, నెత్తిమీదున్న మబ్బు పై భాగం కిరణానికి అందదు. అందుకే రెండో రాడార్ ఏది అందుబాటులో ఉందో కూడా చూసిపెట్టుకోండి.

చివరగా గడియారం. రాడార్, ఉపగ్రహ చిత్రాల మీద చాలావరకు యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయమే ఉంటుంది. దానికి ఎంత కలపాలో, ఎంత తీసేయాలో ఒక చీటీ మీద రాసి తెర పక్కన అతికించండి. భారత కాలమానానికైతే 5 గంటల 30 నిమిషాలు కలపాలి. అమెరికా మధ్య రాష్ట్రాల్లో వేసవి సమయానికైతే 5 గంటలు తీసేయాలి. ఈ లెక్కలో పొరపాటు పడితే, దాటిపోయిన మబ్బును ఇంకా రావాల్సిన మబ్బు అనుకుంటారు.

సిద్ధంగా ఉన్నారా, చూసుకోండి

- మీ చోటు, మూడు వలయాలు, వాటి మీద ఊళ్ల పేర్లు
- దగ్గరి రెండు రాడార్లు, ఒక్కోటి ఎంత దూరం
- యూటీసీ నుంచి మీ సమయానికి లెక్క
- నిండుగా ఛార్జ్ చేసిన పవర్ బ్యాంక్, టార్చిలైటు
- నెట్ పోయినా హెచ్చరిక అందే మరో దారి: రేడియో, ఫోన్ చేసి చెప్పే మనిషి
- లోపలికి వెళ్లాల్సి వస్తే ఏ గదిలోకి వెళ్లాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం

## 2. ఏ సాధనం దేనికి

పది యాప్‌లు పెట్టుకోవడం వల్ల గందరగోళం తప్ప లాభం లేదు. ఒక్కో పనికి ఒక్కటి చాలు.

- హెచ్చరికలకు: మీ దేశ అధికారిక వాతావరణ సంస్థ. భారత్‌లో వాతావరణ శాఖ మూడు గంటల ముందు చూపుతో ఇచ్చే నౌకాస్ట్, అమెరికాలో నేషనల్ వెదర్ సర్వీస్.
- రాడార్‌కు: అదే సంస్థ సైటు. అమెరికాలో ఉంటే రాడార్‌స్కోప్ లాంటి యాప్ ముడి రాడార్ డేటాను ఉన్నదున్నట్టు చూపిస్తుంది.
- పిడుగులకు: భారత్‌లో పుణేలోని ఐఐటీఎం (ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ) తయారుచేసిన దామిని యాప్, మిగతాచోట్ల బ్లిట్జోర్టుంగ్ లాంటి నెట్‌వర్క్.
- ముందురోజు అంచనాకు: కంప్యూటర్ వాతావరణ మోడళ్ల మ్యాపులు చూపే విండీ లాంటి ఏదో ఒక సైటు.

"రాబోయే రెండు గంటల రాడార్" అంటూ కదిలే బొమ్మ చూపించే యాప్‌ల గురించి ఒక మాట. అది రాడార్ కాదు. ఇప్పుడున్న బొమ్మను ముందుకు జరిపి వేసిన అంచనా, లేదా మోడల్ లెక్క. కొత్తగా పుట్టే మబ్బు అందులో ఉండకపోవచ్చు, ఉన్న మబ్బు దిశ మార్చుకుంటే దానికి తెలియదు. నిర్ణయాలకు దాన్ని వాడకండి.

## 3. పొద్దున చూడాల్సింది: ఈరోజు సరుకు ఉందా?

గట్టి గాలివానకు నాలుగు కావాలి: కింద తేమ, పైకెగసే వేడిగాలికి ఊతమిచ్చే అస్థిరత, ఆ గాలిని మొదట పైకి నెట్టే ఏదో ఒక కారణం, ఎత్తుకు పోయేకొద్దీ గాలి దిశ, వేగం మారడం. నాలుగోదాన్నే విండ్ షియర్ అంటారు. మొదటి మూడూ ఉంటే ఉరుముల వాన పడుతుంది. నాలుగోది కూడా కలిస్తే ఆ వాన గంటల తరబడి బతుకుతుంది, తిరగడం మొదలుపెడుతుంది.

పొద్దున అయిదు నిమిషాలు వెచ్చించి ఇవి చూడండి:

- డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత): 20 డిగ్రీలు దాటితే తేమకు లోటు లేదు. ఉక్కపోత రూపంలో ఒంటికే తెలుస్తుంది.
- కేప్: అస్థిరతను కొలిచే అంకె. కిలోకు 1000 జౌళ్లు దాటితే పట్టించుకోవాలి, 2500 దాటితే మబ్బు బలంగా లేస్తుంది.
- నేల నుంచి 6 కిలోమీటర్ల ఎత్తు వరకు షియర్: సెకనుకు 20 మీటర్లు, అంటే 40 నాట్లు దాటితే సూపర్‌సెల్‌కు, అంటే లోపల పైకెగసే గాలే గిరగిరా తిరిగే పెద్ద ఉరుముల మబ్బుకు, వీలుంది.
- తొలి కిలోమీటరులో షియర్, మబ్బు అడుగు ఎత్తు: ఆ ఒక్క కిలోమీటరులోనే గాలి సెకనుకు 10 మీటర్ల మేర మారి, మబ్బు అడుగు కూడా కిలోమీటరు కన్నా కిందే ఉంటే టోర్నడోకు అనుకూలం.

ఈ అంకెలు గీత గీసినట్టు పనిచేయవు. కేప్ 4000 ఉండి షియర్ లేకపోతే మబ్బు ఉధృతంగా లేచి, అరగంట, గంటలో తన వాన బరువుకు తనే కూలిపోతుంది. కూలేటప్పుడు మాత్రం కిందికి దూకే గాలి చెట్లను పెకిలించగలదు. దీనికి తలకిందులుగా, చలికాలంలో కేప్ 500 కూడా లేకుండా షియర్ ఎక్కువగా ఉన్న రాత్రుల్లో, వాన వరుసలోనే దాక్కుని టోర్నడోలు పుట్టిన సందర్భాలు చాలా ఉన్నాయి. కాబట్టి కేప్ ఒక్కటే చూసి ఊరుకోకండి.

మధ్యాహ్నం దాకా ఒక్క మబ్బూ లేదని కూడా నిశ్చింతగా ఉండొద్దు. పైన ఒక వెచ్చటి గాలిపొర మూతలా ఆపుతూ ఉండవచ్చు. సాయంత్రం దాకా కింద వేడి పోగై, ఆ మూత ఒక్కచోట తెగితే, పోగైన బలమంతా ఆ ఒక్క మబ్బుకే దక్కుతుంది.

పొద్దుటి పని పూర్తయ్యాక ఒకే వాక్యం రాసుకోండి. ఉదాహరణకు: "సాయంత్రం 4 తర్వాత, పడమటి నుంచి, వడగళ్లు, గాలి ప్రధాన ప్రమాదం, టోర్నడోకు అవకాశం తక్కువ." అధికారిక అంచనా దీనికి భిన్నంగా ఉంటే అధికారిక అంచనానే తీసుకోండి.

## 4. మబ్బు లేచేటప్పుడు: ఉపగ్రహ చిత్రం

రాడార్‌కు కనిపించేది వాన చినుకు. చినుకు పుట్టకముందే మబ్బు కనిపించేది ఉపగ్రహానికి. మధ్యాహ్నం నుంచి పగటి చిత్రాలను వరుసగా ఆడించి చూడండి. చిన్న చిన్న మబ్బులు ఒక గీత మీద బారులు తీరుతుంటే అక్కడ రెండు రకాల గాలులు ఎదురుపడుతున్నాయని అర్థం. మొదటి పెద్ద మబ్బు లేచేది సాధారణంగా ఆ గీత మీదే.

మబ్బు లేచాక దాని తల బల్లపరుపుగా పరుచుకుంటుంది. ఆన్విల్ అనే ఆ పరుపు మీద మళ్లీ ఒక బుడిపె పైకి పొడుచుకొచ్చి, అది చిత్రం తర్వాత చిత్రంలో నిలబడి ఉంటే, లోపల పైకెగసే గాలి చాలా బలంగా ఉన్నట్టు. రాడార్ అందని ప్రాంతాల్లో ఉన్నవాళ్లకు ఈ గుర్తే పెద్ద ఆధారం.

చిత్రం ఎంత తాజాగా వస్తుందో తెలిసి ఉండాలి. అమెరికా గోస్, జపాన్ హిమావరి ఉపగ్రహాలు పది నిమిషాలకోసారి తమ ముఖంగా ఉన్న భూభాగమంతటినీ చిత్రిస్తాయి. ఇన్సాట్ ఒక్కోటి అరగంటకోసారి చిత్రిస్తుంది. అరగంటలో ఒక మబ్బు పుట్టి, పెరిగి, వడగళ్లు కురిపించేయగలదు.

## 5. రాడార్ బొమ్మ చదవడం: ఎక్కడ, ఎంత

మొదట చూడాల్సింది రిఫ్లెక్టివిటీ. చినుకులకు, వడగళ్లకు తగిలి ఎంత సంకేతం తిరిగి వచ్చిందో చెప్పేది ఇది. దీన్ని డీబీజెడ్‌లో కొలుస్తారు. 20 దగ్గర సన్నటి వాన, 40 దాటితే జోరు వాన, 50 దాటితే కుండపోత, 60 దాటితే వడగళ్లు ఉండే అవకాశం బలంగా ఉంటుంది. సైటును బట్టి రంగులు మారతాయి. ఒకచోట ఎరుపు 45 అయితే మరోచోట 55. తెర పక్కనున్న రంగుల పట్టీ చూడకుండా "ఎర్రగా ఉంది" అనడం వల్ల ఉపయోగం లేదు.

రెండు సెట్టింగులు ముందే మార్చుకోండి. బొమ్మను నునుపు చేసే స్మూతింగ్‌ను ఆపేయండి, అది చిన్న వివరాలను చెరిపేస్తుంది. కాంపోజిట్ బదులు అన్నిటికన్నా కింది కోణపు చిత్రం ఎంచుకోండి. కాంపోజిట్ అన్ని ఎత్తుల్లో ఎక్కువగా ఉన్న అంకెనే చూపిస్తుంది కాబట్టి, కింద ఉన్న అసలు ఆకారం దాని కింద మునిగిపోతుంది.

ఇక రంగు కన్నా ఆకారం ముఖ్యం. వెతకాల్సినవి ఇవి:

విడిగా ఉన్న గట్టి గడ్డ. చుట్టుపక్కల వేరే వాన లేకుండా ఒక్కటే కదులుతున్న గడ్డకు వెచ్చటి గాలి అడ్డు లేకుండా అందుతుంది. గుంపులో ఉన్నవాటి కన్నా దీన్ని ఎక్కువగా అనుమానించాలి.

కొక్కెం. ఉత్తరార్ధగోళంలో, మబ్బు వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే, దాని కుడి వెనుక మూలలో వేలాడే చిన్న తోకను హుక్ ఎకో అంటారు. తిరుగుతున్న గాలి వానను తన చుట్టూ లాక్కోవడం వల్ల ఆ ఆకారం వస్తుంది. దక్షిణార్ధగోళంలో ఇది ఎడమ వెనుక మూలలో కనిపిస్తుంది.

విల్లు. వాన వరుస మధ్యలో ముందుకు ఉబ్బితే, ఆ ఉబ్బిన చోట వెనుక నుంచి గాలి తోస్తోంది. అత్యధిక నష్టం తెచ్చే నిట్టగాలి (తిరగకుండా ఒకే దిక్కుకు వీచే గాలి) అక్కడే వస్తుంది. విల్లు కొసల దగ్గర, ముఖ్యంగా ఉత్తరార్ధగోళంలో దాని ఉత్తరపు కొస దగ్గర, కొద్ది నిమిషాలు మాత్రమే ఉండే టోర్నడోలు పుట్టవచ్చు.

వానకు ముందు సన్నటి గీత. వానకు ముందు పరిగెత్తుకొచ్చే చల్లటి ఈదురుగాలి అంచు ఇది. దుమ్మును, పురుగులను మోసుకొస్తుంది కాబట్టి రాడార్‌కు సన్నగా కనిపిస్తుంది. ఇది వానకన్నా చాలా ముందుకు పోయిందంటే ఆ వరుసకు వెచ్చటి గాలి తెగిపోయి నీరసిస్తున్నట్టే. కానీ ఇలాంటి రెండు గీతలు ఎదురుపడితే ఆ కూడలిలో కొత్త మబ్బు లేస్తుంది, అక్కడ ఒక కన్నేసి ఉంచండి.

గడ్డ వెనుక బాణంలా సాగిన ముల్లు. రాడార్ నుంచి చూస్తే గడ్డకు ఆవలి వైపు పొడుచుకొచ్చే బలహీనమైన గీత. పెద్ద వడగళ్లకు, నేలకు మధ్య సంకేతం తగిలి తగిలి ఆలస్యంగా రావడం వల్ల ఏర్పడుతుంది. అక్కడ వాన లేదు కానీ, గడ్డలో వడగళ్లు మాత్రం ఉన్నాయి.

ఇంకొకటి. కొన్ని రాడార్ల కిరణం జోరు వానను దాటేసరికి బలహీనపడుతుంది. పొట్టి తరంగాలు వాడే ఎక్స్ బ్యాండ్‌లో ఇది ఎక్కువ, సీ బ్యాండ్‌లో కొంత, పొడవు తరంగాల ఎస్ బ్యాండ్‌లో బాగా తక్కువ. రాడార్‌కు, మీకు చూపించే మబ్బుకు మధ్య మరో కుండపోత ఉంటే, వెనుకున్నది ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. రెండో రాడార్ ఉందని ముందే చూసిపెట్టుకోమన్నది ఇందుకే.

## 6. తిరుగుడు పట్టుకోవడం: వెలాసిటీ చిత్రం

టోర్నడో అనుమానం తీరేది ఇక్కడే. తొందరపడితే మోసపోయేదీ ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

డాప్లర్ రాడార్ గాలి తన వైపు వస్తోందా, తన నుంచి దూరంగా పోతోందా అన్నది మాత్రమే చెప్పగలదు. అడ్డంగా పోయే గాలి దానికి దాదాపు సున్నాలా కనిపిస్తుంది. అమెరికా చిత్రాల్లో రాడార్ వైపు వచ్చేది ఆకుపచ్చ, దూరంగా పోయేది ఎరుపు. మీ సైటులో ఏది ఏదో పట్టీ చూసి నిర్ధారించుకోండి. అన్నిటికన్నా ముందు రాడార్ ఏ దిక్కున ఉందో గుర్తుచేసుకోండి. అది తెలియకుండా ఈ చిత్రం చదవలేం.

ఇప్పుడు కొక్కెం ఉన్నచోటికి జూమ్ చేయండి. ఒక ముదురు ఆకుపచ్చ గడి, దానికి ఆనుకునే ఒక ముదురు ఎరుపు గడి కనిపించాయనుకోండి. రెండూ రాడార్ నుంచి ఒకే దూరంలో, పక్కపక్కనే ఉన్నాయా? అయితే అది తిరుగుడు. ఒకదాని వెనుక ఒకటి, రాడార్ నుంచి గీసిన ఒకే గీత మీద ఉన్నాయా? అయితే అది గాలులు ఎదురుపడటమో విడిపోవడమో తప్ప తిరుగుడు కాదు. చాలామంది ఈ తేడా చూడకుండా ఎరుపు, ఆకుపచ్చ కలిసిన ప్రతిచోటా టోర్నడో ఉందని గ్రూపుల్లో పెట్టేస్తారు.

పక్కపక్కనే ఉన్నాయని తేలాక అంకెలు చూడండి. ఒక గడిలో సెకనుకు 25 మీటర్లు వస్తూ, పక్క గడిలో 25 మీటర్లు పోతూ ఉంటే మొత్తం తేడా 50 మీటర్లు. కింది కోణంలో అంత తేడా ఉంటే తిరుగుడు చాలా బలంగా ఉన్నట్టు. తర్వాత పై కోణం చూడండి, అక్కడా ఉందా? తర్వాతి స్కాన్ చూడండి, ఇంకా ఉందా? ఒక్క స్కాన్‌లో మెరిసి మాయమైన జంట తరచుగా డేటా లోపమే. ఎందుకంటే రాడార్ కొలవగల హద్దు దాటిన వేగం రంగు తిప్పుకుని వ్యతిరేక దిశలో కనిపిస్తుంది.

వెలాసిటీలో రెండు రకాలున్నాయి. నిట్టగాలి ఎంత వేగంతో ఉందో చూడటానికి బేస్ వెలాసిటీ. తిరుగుడు చూడటానికి మబ్బు కదలికను తీసేసిన స్టార్మ్ రిలేటివ్ వెలాసిటీ. గంటకు 80 కిలోమీటర్లతో పరిగెత్తే మబ్బులో, రెండోది లేకుండా జంటలోని ఒక సగం కనిపించనే కనిపించదు.

డ్యుయల్ పోల్ రాడార్ (అడ్డంగా, నిలువుగా రెండు రకాల తరంగాలు పంపేది) అందుబాటులో ఉంటే, గాలిలో ఉన్నవి ఎంతవరకు ఒకేలా ఉన్నాయో చెప్పే కోరిలేషన్ కోఎఫిషియంట్ అనే చిత్రం కూడా ఉంటుంది. వాన ఉన్నచోట అది 1కి దగ్గరగా ఉంటుంది. తిరుగుడు ఉన్న చోటే అది 0.8 కన్నా పడిపోయి, అక్కడే రిఫ్లెక్టివిటీ మాత్రం ఎక్కువగా ఉంటే, గాలిలో ఎగురుతున్నవి చినుకులు కావు. రేకులు, కొమ్మలు, ఇళ్ల ముక్కలు. మూడూ ఒకే చోట ఉండాలి, ఎందుకంటే పెద్ద వడగళ్లు కూడా ఈ అంకెను తగ్గిస్తాయి. ఈ గుర్తు కనిపించిందంటే టోర్నడో అప్పటికే నేల మీదుందని అర్థం. దీనికోసం ఎదురుచూడటం తెలివితక్కువ పని, ఇది ముందస్తు గుర్తు కాదు.

రాడార్‌కు 100 కిలోమీటర్ల ఆవల ఉన్నవాళ్లు ఈ మొత్తం విభాగాన్ని ఒక షరతుతో చదవాలి. తిరుగుడు కనిపిస్తే నమ్మండి. కనిపించకపోతే లేదనుకోకండి.

## 7. ఎన్నింటికి వస్తుంది: లెక్క

కాగితం, పెన్ను తీసుకోండి. ఒక ఉదాహరణ చేద్దాం.

- 4:40 చిత్రంలో గట్టి వాన ముందంచు మీకు 62 కిలోమీటర్ల దూరంలో ఉంది.
- 4:55 చిత్రంలో 50 కిలోమీటర్లలో ఉంది.
- 15 నిమిషాల్లో 12 కిలోమీటర్లు. అంటే గంటకు 48.
- మీ గడియారంలో ఇప్పుడు 5:02. చిత్రం 7 నిమిషాల పాతది. ఈలోగా మబ్బు మరో 5.6 కిలోమీటర్లు వచ్చేసింది.
- కాబట్టి అసలు దూరం సుమారు 44 కిలోమీటర్లు. వాన చేరేది 55 నిమిషాల్లో, 5:57కి.

ఇక్కడితో ఆగిపోతే లెక్క తప్పు. రాడార్‌లో వానకు 10 కిలోమీటర్ల ముందు ఆ సన్నటి గీత కనిపిస్తోందనుకుందాం. ఈదురుగాలి 5:45కే మీ దగ్గరుంటుంది. పిడుగు కూడా వానకు 10 కిలోమీటర్ల ముందే పడగలదు, ఒక్కోసారి ఇంకా ముందే. కాబట్టి బయటి పనులన్నీ ముగించాల్సింది 5:57కి కాదు, 5:40కి.

దిశకు ఒకే గీత గీయకండి. ఇప్పుడున్న దిశకు అటు 20, ఇటు 20 డిగ్రీలు వదిలి విసనకర్రలా గీయండి. మీ చోటు ఆ విసనకర్రలో ఎక్కడున్నా "నాకే వస్తోంది" అనుకోండి. తిరుగుడు మొదలైన సూపర్‌సెల్ ఉత్తరార్ధగోళంలో తరచుగా కుడివైపుకు మళ్లి, కొంచెం నెమ్మదిస్తుంది. పక్కనున్న మబ్బులు ఈశాన్యానికి పోతుంటే ఇదొక్కటే తూర్పుకు తిరిగిందంటే, అదే గుర్తు. అందుకే కుడివైపు మరో 10 డిగ్రీలు ఎక్కువ వదలండి.

10, 15 నిమిషాలకోసారి లెక్క కొత్తగా వేయాలి. పాత లెక్కకు అతుకులు వేయకండి.

## 8. ముందే గీసుకోవాల్సిన గీతలు

మబ్బు మీదికొచ్చాక తీసుకునే నిర్ణయం సాధారణంగా ఆలస్యంగానే వస్తుంది. తెర చూస్తూ ఉంటే "ఇంకొక్క స్కాన్ చూసి వెళ్దాం" అనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఇవి ముందే కాగితం మీద రాసుకోండి:

- గంట ముందు: అన్ని ఫోన్లూ ఛార్జింగ్‌లో, బయటున్నవాళ్లకు కబురు, వాహనాలు చెట్ల కింద నుంచి తీయడం.
- 30 నిమిషాల ముందు: ఎగిరిపోయే వస్తువులు లోపలికి, పశువులు, పిల్లలు భద్రమైన చోటికి, బయటి పనులు బంద్.
- 15 నిమిషాల ముందు: అందరూ లోపల, కిటికీలకు దూరంగా.
- ఉరుము వినిపిస్తే: లెక్క ఏం చెప్పినా సరే, లోపలికి.
- టోర్నడో హెచ్చరిక వస్తే: రాడార్ తెరవొద్దు. అప్పటికప్పుడు అట్టడుగు అంతస్తులో, మధ్యలో ఉన్న కిటికీల్లేని చిన్న గదిలోకి. తలకు హెల్మెట్.

ఆఖరి గీత దగ్గర బాగా తెలిసినవాళ్లే తడబడతారు. 2011 మే 22న అమెరికాలో, మిస్సోరీలోని జోప్లిన్‌లో 158 మంది చనిపోయారు. టోర్నడో వాన తెర వెనుక దాగి వచ్చింది. సైరన్ విన్నాక కూడా చాలామంది వెంటనే కదలకుండా మరో రుజువు కోసం చూశారని ఆ తర్వాత జరిగిన సమీక్షల్లో తేలింది. ట్రాకింగ్ చేతకానివాళ్లకన్నా, అరకొరగా వచ్చినవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ అని నా అభిప్రాయం.

హెచ్చరికల భాష కూడా తెలిసి ఉండాలి. అమెరికాలో "వాచ్" అంటే పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని, పెద్ద ప్రాంతానికి కొన్ని గంటల పాటు. "వార్నింగ్" అంటే రాడార్‌లోనో కంటికో కనిపించిందని, చిన్న ప్రాంతానికి, ఇప్పుడే. భారత వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే చర్య తీసుకోమని.

## 9. కిటికీలోంచి చూసేది

ముందుకు సాగిన, అరలా పరుచుకున్న నల్లటి మబ్బును చూసి హడలిపోనక్కర్లేదు. అది షెల్ఫ్ క్లౌడ్, ఈదురుగాలి అంచు మీద ఏర్పడుతుంది. వానకు ముందుంటుంది. టోర్నడో పుట్టేది సాధారణంగా వాన పడని మబ్బు అడుగు నుంచి కిందికి దిగిన గుత్తిలో. దాన్ని వాల్ క్లౌడ్ అంటారు. అది నిలకడగా ఉండి, నెమ్మదిగానైనా గుండ్రంగా తిరుగుతుంటే ప్రమాదం. వేలాడే చిరుగు మబ్బులు ఎన్ని వికారమైన ఆకారాల్లో ఉన్నా, తిరుగుడు లేకపోతే అవి టోర్నడో కావు.

చూస్తున్న గరాటు ఆకారపు సుడిమబ్బు అటూ ఇటూ జరగకుండా, ఉన్నచోటే ఉండి పెద్దదవుతోందంటే అది మీ వైపే వస్తోంది.

రాత్రి పూట ఇవేవీ పనిచేయవు. మెరుపు వెలుగులో ఒక్క క్షణం కనిపించినదాని మీద ఆధారపడకండి. రాత్రి హెచ్చరిక మోత వినిపించేలా ఫోన్ పెట్టుకుని పడుకోవడమే మార్గం.

## 10. తరచుగా జరిగే పొరపాట్లు, సవరణలు

"చిత్రం కదలడం లేదు, మబ్బు ఆగిపోయింది." ఆగింది మబ్బు కాదు, డేటా అయి ఉండొచ్చు. ప్రతిసారీ ముందు చిత్రం మీది సమయం చదవండి. 15 నిమిషాలు దాటితే మరో రాడార్‌కు మారండి.

"మా దగ్గరికి రాకముందే బలహీనపడింది." నిజంగా పడిందా, రాడార్‌కు దూరమై కిరణం పైనుంచి పోతోందా? పిడుగుల సంఖ్య చూడండి. అది తగ్గకపోతే మబ్బూ తగ్గలేదు. పిడుగులు, మెరుపులు ఉన్నట్టుండి కొన్ని నిమిషాల్లోనే రెండింతలకు పైగా పెరిగితే మబ్బు బలం పుంజుకుంటోంది.

"ఒక్కటి దాటిపోయింది, ఇక అయిపోయింది." వెనుకవైపు 100 కిలోమీటర్ల దాకా చూడండి. ఒకే దారిలో వరుసగా మబ్బులు రావడం మామూలే, వరదలొచ్చేదీ అలాగే.

"మా వైపు టోర్నడోలు రావు." నమోదైనవాటిలో ప్రాణనష్టం అత్యధికంగా ఉన్నది అమెరికాలో కాదు. 1989 ఏప్రిల్ 26న బంగ్లాదేశ్‌లోని దౌలత్‌పూర్, సటూరియా ప్రాంతంలో సుమారు 1300 మంది చనిపోయారు.

"కొండ, చెరువు ఉన్నాయి, అవి ఆపేస్తాయి." ఆపవు. వంతెన కింద దాక్కోవడం కూడా రక్షణ కాదు, ఆ ఇరుకులో గాలి ఇంకా వేగం పుంజుకుంటుంది.

"గ్రూపులో వీడియో వచ్చింది." తేదీ, చోటు తెలియని వీడియో ట్రాకింగ్‌లో లెక్కలోకి రాదు. ముందుకు పంపకండి.

## 11. దాటిపోయాక

చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగి బయటికి రండి. ప్రతి కొత్త ఉరుముతో ఆ అరగంట మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. తెగిపడిన తీగలున్నచోట నీళ్లలో అడుగు పెట్టొద్దు.

తర్వాత మీ కాగితం తీసి, గాలి, వాన నిజంగా ఎన్నింటికి వచ్చాయో మీ లెక్క పక్కన రాయండి. ప్రతిసారీ పది నిమిషాలు ముందే వస్తుంటే చిత్రం వయసును మీరు కలపడం లేదు. ప్రతిసారీ పక్కనుంచి పోతుంటే విసనకర్ర ఏ వైపు మొగ్గుతోందో చూసుకుని దాన్ని ఆ వైపుకు మార్చుకోండి.

నష్టం కనిపిస్తే వాతావరణ సంస్థకు తెలియజేయండి. రాడార్‌కు కనిపించనిది వాళ్లకు చెప్పగలిగేది మీరే. సమయం, చోటు, ఏం జరిగింది, ఫోటో ఏ దిక్కుకు చూస్తూ తీశారు, ఇవి రాస్తే చాలు. పడిన చెట్లన్నీ ఒకే దిక్కుకు ఒరిగాయా, చెల్లాచెదురుగా ఒకదాని మీదొకటి పడ్డాయా అన్నది తప్పకుండా రాయండి. మొదటిది చాలావరకు నిట్టగాలి, రెండోది తిరుగుడు అయ్యే అవకాశముంది. వడగళ్లను మాత్రం అన్నిటికన్నా ముందు, కరగకముందే, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి.